అరవయ్యో పిన్నీసు

“దయా, ఇవన్నీ శనివారానికల్లా సర్ది పెట్టు” అంటూ మా ఆయన గోంగూర కట్టల మధ్య ఒక చీటీ పడేసి స్కూలుకి వెళ్ళిపోయారు. ఇరవై ఆరేళ్ళ కాపరంలో ఆయన నాకు రాసిన ఉత్తరాలన్నీ ఇలా కూరగాయల్లోంచే అందాయి. గోంగూర వలిచే చేతులు తుడుచుకుని చీటీ తీశాను. పైన ‘హోమ్‌మేడ్ ఎలక్ట్రిక్ మోటార్’ అని రాసి కింద రెండు గీతలు గీశారు. ఆ కింద వరుసగా ఎనామిల్ రాగితీగ, పెద్ద బ్యాటరీలు ముప్పై, పిన్నీసులు అరవై, ఇన్సులేషన్ టేపు, ఉప్పుకాగితం, కటింగ్ ప్లయర్, పిల్లల కళ్ళకి గాగుల్స్, చేతులకి గ్లవ్స్, మూతికి మాస్కులు, కాలితే పూసే మందు. అన్నిటికంటే అడుగున ‘సేఫ్టీ ముఖ్యం’ అని ఉంది. హోమ్‌మేడ్ అన్న మాట దగ్గర కాసేపు ఆగాను. మా ఇంట్లో హోమూ నాదే, మేడూ నేనే.

మా ఆయన జాషువా మాస్టారు బందరులో ఒక ప్రైవేటు హైస్కూల్లో ఫిజిక్సు చెప్తారు. ఊళ్ళో సైన్సు ఫెయిరు అంటే ముందు ఆయన పేరే గుర్తొస్తుంది. ఆయన కప్పులు గెలిచిన ప్రతిసారీ నేను కప్పులు కడిగాను, అభినందించడానికి వచ్చినవాళ్ళకి కాఫీలిచ్చి. పొగలు కక్కే అగ్నిపర్వతం, గాలికి తిరిగి దీపం వెలిగించే రెక్కలు, ఎర్రనీళ్ళు కొట్టుకునే గుండె, అన్నీ మా వంటింటి గట్టు మీదే పుట్టాయి. గుండెకి రబ్బరు గొట్టాలు నేనే అతికించాను. దానికి జిల్లాలో మొదటి బహుమతి వచ్చింది. ఫోటోలో ఆయన గుండె పట్టుకుని నిలబడ్డారు. మీరొక్కరే ఎలా చేశారండీ అని ఎవరో అడిగితే, “మా ఆవిడ కూడా కాస్త సామాన్లు అందిస్తుంది లెండి” అన్నారు. అబద్ధమేమీ కాదు. అన్నీ అందించాను, గుండెతో సహా.

ఈసారి పిలుపు అవనిగడ్డ వైపు ఒక బాలికల స్కూలు నుంచి వచ్చింది. అక్కడి సైన్సు టీచరు నాగదుర్గ గారు ఫోను చేసి, తొమ్మిదో తరగతి పిల్లలు ముప్పై మందీ తలా ఒక మోటారు చేత్తో చేసి ఇంటికి తీసుకెళ్ళాలని అడిగారట. అగ్నిపర్వతమంటే నాకు తెలియదు. గుండె సంగతి అంతకంటే తెలియదు. మోటారంటే మాత్రం నా ఒంట్లో ఏదో కదిలింది. రాత్రి అన్నం వడ్డిస్తూ అడిగాను.

“ఏవండీ, తీగ చుట్టడం పిల్లలకి నేను చూపిస్తాను. పది నిమిషాలు చాలు.”

“నువ్వా?”

“చుట్టడం నాకొచ్చు కదండీ.”

“వచ్చులే. కానీ నువ్వు నోరు తెరిస్తే హాస్యం. అది సైన్సు క్లాసు దయా, పెళ్ళిభోజనాల బంతి కాదు. పిల్లలు నవ్వుతారు తప్ప నేర్చుకోరు.” రెండు ముద్దలు తిన్నాక నా మొహం చూసి, “సరే, చూద్దాంలే. గోంగూరలో ఉప్పు తగ్గింది” అన్నారు.

చూద్దాంలే అన్నవేవీ ఇప్పటిదాకా మేం చూడలేదు. హంసలదీవి దాటి పాలకాయతిప్ప దగ్గర కృష్ణ సముద్రంలో కలిసే చోటు చూద్దాంలే అన్నది పెళ్ళైన కొత్తలో. ఆ తర్వాత కృష్ణలో ఎన్ని నీళ్ళు కలిశాయో, మేం చూడకుండానే కలిశాయి. అయినా ఈసారి ఆ ‘చూద్దాంలే’ని వదలబుద్ధి కాలేదు. నాకు కావలసింది పది నిమిషాలు. పదిమంది ఎదుట, నా చేత్తో, ఇది నా పని అని ఒక్కసారి చూపించుకోవడం. యాభై ఏళ్ళు వచ్చినా ఆ ముచ్చట తీరలేదు.

గుడివాడలో మా నాన్న పున్నయ్యది మోటార్లకి తీగ చుట్టే షాపు. మా పుట్టింట్లో చుట్టాలకంటే చుట్టలెక్కువ. రాగితీగ చుట్టలు గోడకి, పొగాకు చుట్ట నాన్న నోట్లో. వచ్చే చుట్టాలు కూడా కాలిపోయిన మోటారు పట్టుకునే వచ్చేవాళ్ళు. చేలకి నీళ్ళు తోడే మోటార్లు మొవ్వ నుంచి, పామర్రు నుంచి, దివిసీమ నుంచి ఎడ్లబండ్ల మీద దిగేవి. నాన్న మోటారు విప్పగానే మాడిన లక్క వాసన గుప్పుమనేది. నల్లబడిన తీగ లాగేసి, గాడుల్లో కొత్త కాగితం పరిచి, చెక్క అచ్చు మీద కొత్త తీగ చుట్టి, ఆ చుట్టల్ని గాడుల్లో ఒక్కో పోగూ దింపి, పైన వెదురు బద్దలు దిగ్గొట్టి, చివర వార్నిష్ పోసి ఎండబెట్టేవాడు. చుట్టేటప్పుడు ఆదివారం పాటలు పాడటం ఆయనకలవాటు. పాడితే లెక్క తప్పేది, లెక్కపెడితే పాట తప్పేది. అందుకని పాట ఆయనకీ లెక్క నాకూ పంచుకున్నాం. ఆయన రెండో చరణంలో ఉండగా నేను నూట నలభైలో ఉండేదాన్ని. ఇద్దరం ఒకేసారి ‘ఆమెన్’ అంటే ఆ చుట్ట పూర్తయినట్టు. ఇప్పటికీ చర్చిలో ఆ పాటలు పాడుతుంటే నా వేలు ఒళ్ళో గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. పక్కనున్నవాళ్ళు భక్తి అనుకుంటారు.

ఎనిమిదేళ్ళకే నా చేతికి ఉప్పుకాగితం ఇచ్చాడు నాన్న. రాగితీగ మీద కనిపించని పొర ఒకటి ఉంటుంది. అది ఎనామిల్. కరెంటు పక్క తీగలోకి దూకకుండా కాపాడేది అదే. రెండు తీగలు కలపాలంటే మాత్రం ఆ కొసల మీద పొర గీకెయ్యాలి. నాన్నకి అక్కడ ప్రాణం. “గీకితే చుట్టూ గీకాలే అమ్మా. ఒళ్ళంతా రాగి మెరవాలి. సగం గీకి అతికినవాడు రైతు నోట్లో మట్టి కొట్టినట్టే” అనేవాడు. నేను గీకిన కొసని దీపం దగ్గర పెట్టి తిప్పి తిప్పి చూసేవాడు. ఎక్కడా మచ్చ కనపడకపోతే, “మా దయామణి గీకితే తీగ స్నానం చేసొచ్చినట్టుంటుంది” అనేవాడు. ఆ మాట కోసం వేళ్ళు పగిలేలా గీకాను.

తొంభైలో, నా పదో తరగతి అయిన వేసవిలో తుఫాను వచ్చింది. దివిసీమ మోటార్లన్నీ ఉప్పునీళ్ళు తాగి, బురద మింగి, లారీల మీద మా షాపు ముందు దిగాయి. అదే సమయానికి నాన్న బొటనవేలు గోరుచుట్టుతో కుండలా వాచింది. ఎవరు చుడతారు మరి? నాన్న పక్కన కూర్చుని పాటలు పాడాడు, నేను చుట్టాను. ఆ నెలన్నరలో ఎన్ని చుట్టానో గుర్తులేదు గానీ ఒక్కటీ తిరిగి రాలేదు, అన్నీ తిరుగుతూనే ఉన్నాయి. ఒకరోజు నాగాయలంక రైతు ఒకాయన ముంజెల గెల పట్టుకొచ్చాడు. “పున్నయ్యా, నీకేమో చెయ్యి బాగోలేదంటివి. చప్పుడు లేకుండా పిల్లిలా తిరుగుతోందయ్యా మోటారు. ఎవరు చుట్టారు?” అన్నాడు. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను, చేతులు వెనక్కి దాచుకుని. నాన్న నావైపు చూడలేదు. “మావాడేనండీ” అని బొంగరం ఆడుకుంటున్న మా తమ్ముడు జకరయ్యని చూపించాడు. వాడికి తొమ్మిదేళ్ళు, ముక్కు తుడుచుకోవడం కూడా సరిగా రాదు. రైతు వాడి తల నిమిరి ముంజెలిచ్చాడు. వాడు ఎన్ని తిన్నాడో తిని నాకు రెండు మిగిల్చాడు.

సాయంత్రం నాన్న నా పక్కన కూర్చుని, “ఆడపిల్ల చుట్టిందంటే రైతుకి నమ్మకం కుదరదమ్మా. రేపు నీకు సంబంధం చూడాలా, మోటార్లు చుట్టే పిల్లంటే ఎవరొస్తారు?” అన్నాడు. నాకు కోపం రాలేదు. నాన్న మీద కోపం తెచ్చుకోవడం నాకు చేతకాదు, ఆయన పోయి ఆరేళ్ళయినా ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాను. సంబంధం వచ్చింది, ఆయన దాచినా నా పని దాగలేదు. పెళ్ళిచూపుల్లో మా అత్తగారు మాణిక్యం గారు నా చేతులు తిప్పి చూసి, “ఇవేం వేళ్ళే, పట్టకార్లలా ఉన్నాయి. మోటారోళ్ళ పిల్ల మోటుగానే ఉంది” అన్నారు. మోటారులో మోటు ఉందని అప్పటిదాకా నాకు తోచలేదు. మాటలతో ఆటలాడటం బహుశా ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. మోటారుకి ఇన్సులేషన్ ఎంత అవసరమో కోడలికి ఇన్సల్టేషన్ అంత అవసరమని ఆవిడ నమ్మకం. నేను నవ్వులతో ఒక పొర పూసుకున్నాను. నవ్వించేదాని లోపలికి ఎవరూ తొంగిచూడరు.

చీటీలో సామాన్లు పోగు చెయ్యడానికి నాలుగు రోజులు పట్టింది. మాస్కులు బీరువాలో ఉన్నాయి, కరోనానాటివి. ఇంట్లో ఉప్పుంది, కాగితముంది, ఉప్పుకాగితం లేదు. అదీ, బ్యాటరీలూ, టేపూ కోనేరు సెంటర్లో తెచ్చాను. పిన్నీసుల కోసం మాత్రం బజారుకెళ్ళలేదు. ఆడదాని ఇంట్లో పిన్నీసులకి కరువేమిటి? పిన్నీసు పిన్నిలాంటిది, అమ్మంత పేరు రాదు గానీ అవసరానికి ఆదుకునేది అదే. గాజులకి వేలాడేవి, కుట్టుడబ్బాలోవి, చర్చికి వెళ్ళే సంచిలోవి, మా అత్తగారి పాత జాకెట్లకి మిగిలిపోయినవి, దిండుగలీబులకి పెట్టినవి, అన్నీ ఊడదీసి అరవై చేశాను. ఇంట్లో గుడ్డలన్నీ ఆ వారం వదులొదులుగా బతికాయి.

తీగ కోసం, గాగుల్స్ కోసం పెడన మీదుగా రైల్లో గుడివాడ వెళ్ళాను. ఆ షాపిప్పుడు జకరయ్యది. ముందు వరుసలో కొత్త మోటార్లు అట్టపెట్టెల్లో నిగనిగలాడుతున్నాయి. వెనక గదిలో నాన్న కూర్చునే ముక్కాలిపీట, చేత్తో తిప్పే చుట్టే మిషను దుమ్ముపట్టి ఉన్నాయి. పిడి పట్టుకుని ఒక చుట్టు తిప్పాను. కిర్రుమని తిరిగింది. నాన్న గొంతు సవరించుకున్నట్టే ఉంది.

“ఏంటక్కా, బావకి మోటారు పిచ్చి పట్టిందా?” అన్నాడు జకరయ్య టీ తెప్పిస్తూ.

“బావకి పిచ్చి, నాకు పని. ఎప్పుడూ ఉండేదేగా.”

“నువ్వు చుట్టి ఎన్నాళ్ళయింది?”

“నువ్వు చుట్టి ఎన్నాళ్ళయిందో అన్నాళ్ళే. ముంజెలు తిన్నది గుర్తుందా?”

వాడు తలొంచుకుని నవ్వాడు. “ఇప్పటికీ ఆ నాగాయలంక వాళ్ళు షాపుకొస్తే, తొమ్మిదేళ్ళకే చుట్టినోడివంటూ పొగుడుతారక్కా. నేనేం చెప్పను?” అన్నాడు. చెప్పొచ్చుగా అని నేను అనలేదు. వాడూ చెప్పలేదు. సన్నతీగ చుట్ట ఒకటి, తెలిసిన వెల్డింగు సామాన్ల కొట్టులో ముప్పై గాగుల్స్ అద్దెకీ, ముప్పై జతల నూలు గ్లవ్సూ ఇప్పించి రైలెక్కించాడు. వెళ్తూ వెళ్తూ నాన్న వాడిన కటింగ్ ప్లయర్ నా సంచిలో వేశాడు. పిడుల మీద నాన్న చుట్టిన నల్లటేపు ఇంకా ఉంది.

బుధ, గురువారాలు మధ్యాహ్నం వంటయ్యాక కూర్చుని బ్యాటరీ మీద తీగ ఇరవై ఇరవై చుట్లు చుట్టి, రెండు వైపులా కొసలు వదిలి, ముప్పై చుట్టలు తయారు చేశాను. పక్కింటివాళ్ళు విన్నారేమో తెలియదు, పాట కూడా నేనే పాడుకున్నాను. శుక్రవారం గీకడం మొదలుపెట్టాను. అరవై కొసలు. ఎనామిల్ దుమ్ము కంట్లో పడి నీళ్ళు కారుతుంటే, సంచిలోంచి ఒక గాగుల్స్ తీసి పెట్టుకున్నాను. అప్పుడే మా ఆయన స్కూలునుంచి వచ్చారు.

“అవి పిల్లలకి దయా. నువ్వు వాడితే గీతలు పడతాయి.”

తీసేశాను. ఇరవై ఆరేళ్ళుగా నా కళ్ళలోకి ఆవాలు చిట్లాయి, నా చేతుల మీద నూనె చిందింది. సేఫ్టీ ముఖ్యమని ఆ గట్టు దగ్గర ఎవరూ రాసి పెట్టలేదు. ఆయన ఒక చుట్ట తీసి చూశారు. “కొసలు శుభ్రంగా గీకు. ఎక్కడా పొర మిగలకూడదు” అన్నారు. ఆ మాట నాన్న నోటినుంచి వచ్చినట్టే వినిపించి, కంట్లో నలకతోనే అన్నీ చుట్టూ గీకాను, రాగి ఒళ్ళంతా మెరిసేలా.

“ఒకటి తిప్పి చూద్దామాండీ?”

“అయస్కాంతాలు వాళ్ళ స్కూల్లో ఉన్నాయి కదా, ఎలా తిప్పుతావు? తిరక్కేం. ఫ్లెమింగ్ ఎడమచేతి నియమం ఉంది.”

ఆయనకి ఎడమచేతి నియమం ఉంది, నాకు రెండు చేతులా పని ఉంది. సంచులు సర్దాను.

శనివారం పొద్దున బస్సులో ఆయన కిటికీ పక్కన, నేను సంచుల కింద. పెడన కలంకారీ చీర కట్టుకున్నాను, కొత్తది. గంజి ఇంకా వదలని చీర, భుజానికి పిన్నీసు లేకపోతే ఒక్క క్షణం నిలవదు. పులిగడ్డ దాటాక, “మరి ఆ పది నిమిషాలు?” అన్నాను. “ముందు తిరగనీ, తర్వాత చూద్దాంలే” అన్నారు ఆయన ఫోను చూసుకుంటూ.

స్కూల్లో బ్యానరు కట్టారు. ‘రిసోర్స్ పర్సన్: శ్రీ జాషువా గారు’ అని పెద్ద అక్షరాలు. పర్సన్ ఆయన, రిసోర్స్ నేను అనుకున్నాను లోపల. నాగదుర్గ గారు నలభై దాటిన సన్నటి మనిషి, నన్ను చూసి, “మేడం గారు కూడా వచ్చారా, కూర్చోండి” అని గోడ పక్క కుర్చీ చూపించారు. ముప్పై మంది పిల్లలు గాగుల్స్ పెట్టుకుని ముప్పై కప్పల్లా కూర్చున్నారు. మా ఆయన బోర్డు మీద బాణాలు గీసి చాలాసేపు చెప్పారు. నేను బల్లల మధ్య తిరిగి ఒక్కొక్కరికీ ఒక బ్యాటరీ, ఒక చుట్ట, రెండు పిన్నీసులు పంచాను. చివరి పిల్ల దగ్గరికొచ్చేసరికి చేతిలో ఒకటే మిగిలింది. ఎక్కడో ఒకటి జారిపోయినట్టుంది.

“ఒక పిన్ను తక్కువైందండీ” అన్నాను మెల్లగా.

ఆయన పాఠం ఆపలేదు. నావైపు తిరగలేదు కూడా. బోర్డు మీద గీస్తూనే ఎడమచెయ్యి వెనక్కి చాపి, “నీ భుజానిది ఇవ్వు” అన్నారు.

ముప్పై జతల గాగుల్స్ నావైపు తిరిగాయి. భుజం మీది పిన్నీసు తీసి ఆ చేతిలో పెట్టాను. ఆయన దాన్ని ఆ పిల్లకి అందించి పాఠంలోకి వెళ్ళిపోయారు. నేను జారుతున్న పైటని ఒక చేత్తో పట్టుకుని గోడ పక్క కుర్చీలో కూర్చున్నాను. ఒక చెయ్యి పైటకి పోతే మిగిలింది ఒక్క చెయ్యి. ఒంటిచేత్తో తీగ చుట్టడం ఎవరికీ రాదు, నాకు కూడా. నా పది నిమిషాలు ఆ పిన్నీసుతో పాటే పోయాయని అర్థమైంది.

పిల్లలు బ్యాటరీ రెండు కొసలకీ పిన్నీసులు టేపుతో అంటించారు. బ్యాటరీ మీద అయస్కాంతం పెట్టారు. పిన్నీసుల కన్నాల్లో చుట్ట కొసలు దూర్చి, వేలితో చిన్నగా తట్టారు. చుట్ట ఊగింది. వణికింది. ఆగింది. ఒకళ్ళది కాదు, ముప్పై మందిదీ. ఆయన ఒకటి సరిచేశారు, ఇంకోటి తట్టారు. వణికి ఆగింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. “బ్యాటరీలు పాతవిచ్చినట్టున్నాడు” అన్నారు. బ్యాటరీలు వేడెక్కుతున్నాయి. “ఒకసారి తీసేయండమ్మా, కాలుతుంది” అన్నారు నాగదుర్గ గారు పిల్లలతో. అప్పుడాయన చుట్ట ఒకటి పైకెత్తి అందరికీ చూపిస్తూ, “కొసలు సరిగా గీకినట్టు లేదు. మా ఆవిడకి చెప్పాను శుభ్రంగా గీకమని. ఇంట్లోవాళ్ళకి పని అప్పజెబితే ఇంతేనండీ. మళ్ళీ గీకండి” అని నవ్వారు. ఆ నవ్వులో ఆయనకి తోడు ఎవరూ రాలేదు.

పిల్లలు మెరిసే రాగినే మళ్ళీ గీకుతున్నారు. నేను గీకినదాంట్లో లోపమా? నాన్న దీపం దగ్గర పెట్టి చూసినా మచ్చ దొరకదు. నేను కూర్చున్న చోటునుంచే, పక్కబల్ల పిల్ల మళ్ళీ గీకి పెట్టిన చుట్టని చూశాను. అయస్కాంతం దాన్ని లాగుతోంది. సగం తిరుగుతోంది. సగం తిరిగాక అదే కరెంటు వెనక్కి లాగుతోంది. పాపం, దానికి ఊపిరి పీల్చుకునే సందే లేదు.

సందు. ఆ మాట దగ్గర నాన్న వచ్చాడు. ఎప్పుడో మిక్సీ మోటారు విప్పి, దాని ఇరుసు చుట్టూ ఉన్న రాగిపలకల మధ్య కరెంటు దాటనివ్వని నల్లటి మైకా పొర తుడుస్తుంటే అడిగాను, ఈ సందులో కూడా రాగి పెట్టేస్తే ఇంకా గట్టిగా తిరుగుతుంది కదా నాన్నా అని. నాన్న చుట్ట నోట్లోంచి తీసి నవ్వాడు. “అంతా రాగైతే తిరగదే పిచ్చిదానా. వణికి వణికి కాలిపోద్ది. కాసేపు ఇవ్వాలి, కాసేపు బిగబట్టాలి. అప్పుడే తిరుగుద్ది.”

చుట్టూ గీకమన్నదీ నాన్నే. కానీ అది అతుక్కి. రెండు తీగలు అతుక్కుపోవాలంటే ఒళ్ళంతా గీక్కోవాలి. తిరగాలంటే సగం పొర మిగుల్చుకోవాలి. నేను ముప్పై మోటార్లనీ అతికించడానికి తయారు చేసి తెచ్చాను. నాకు తెలిసిన పని అదొక్కటే కదా.

లేచాను. పైట విసురుగా తిప్పి నడుములో దోపాను, మా అమ్మ వరిచేలో దోపినట్టు. రెండు చేతులూ నాకు తిరిగొచ్చాయి.

“ఏవండీ, కాస్త జరగండి.”

“ఏంటి దయా?”

“పది నిమిషాలు.”

ఆయన ఏదో అనబోయారు. నేను అప్పటికే బల్ల దగ్గరున్నాను. జరగక తప్పలేదు. “టీచరుగారూ, మీ దగ్గర గోళ్ళరంగు ఉంటుందా?” అని అడిగాను. నాగదుర్గ గారు ఒక్క క్షణం నా మొహం చూసి, హ్యాండ్‌బ్యాగ్ వెతికి మెరూన్ రంగు సీసా ఇచ్చారు. ముందుగా ఒక పిల్ల కళ్ళజోడు అడిగి తీసుకుని పెట్టుకున్నాను. గీతలు పడితే పడనీ అనుకున్నాను. చుట్టని నిలువుగా పట్టుకుని, ఒక కొసని అలాగే వదిలి, రెండో కొసకి పైసగం మాత్రం రంగు పూశాను. ఊది ఆరబెట్టాను. చివరి బల్ల పిల్ల మోటారు దగ్గరికి వెళ్ళి, నా పిన్నీసూ ఇంకో పిన్నీసూ పట్టుకున్న కన్నాల్లో దాన్ని కూర్చోబెట్టి, వేలితో తట్టాను.

తిరిగింది. ఒక చుట్టు, రెండు, పది, తర్వాత లెక్కకి అందలేదు. మెరూన్ రంగు మెరుపులా కనపడింది. చప్పుడు లేకుండా, పిల్లిలా.

“ఎందుకు తిరిగింది మేడం?” అంది ఆ పిల్ల.

“పనంతా దాని చేతే చేయిస్తే వణికింది. సగం చుట్టు పని, సగం చుట్టు విశ్రాంతి ఇచ్చాం. ఆ విశ్రాంతిలో పాత ఊపుతో దాటేస్తుంది. మీ ఇంట్లో అమ్మకి ఎప్పుడైనా ఆ సగం చుట్టు ఇచ్చి చూడండి, ఎలా తిరుగుతుందో” అన్నాను. పిల్లలు నవ్వారు. నవ్వుతూనే ముప్పై మందీ గోళ్ళరంగు సీసా చుట్టూ చేరారు. అయస్కాంతం గురించి చెప్పాను, పిన్నీసుకీ పిన్నికీ చుట్టరికం చెప్పాను, తీగ లెక్క తప్పకుండా పాడుతూ చుట్టడం చూపించాను. పది నిమిషాలు ముప్పై అయ్యాయి. గది నిండా తేనెటీగల్లాంటి సన్నటి రొద. ఒక పిల్ల నోటుపుస్తకం తెరిచి, “మేడం, మీ పేరు చెప్పండి, రాసుకుంటాను. మోటారు ఎవరు నేర్పారంటే మా నాన్నకి చెప్పాలి” అంది.

చెప్పాను. దయామణి. పున్నయ్య గారి అమ్మాయిని అని కూడా చెప్పాను. ఆ పిల్ల అక్షరం అక్షరం రాస్తుంటే, నాగాయలంక ముంజెల తీపి ముప్పై ఐదేళ్ళు ఆలస్యంగా గొంతులో దిగింది. నాన్న ఉంటే ఏమనేవాడో. ఏమీ అనకుండా పాట అందుకునేవాడేమో.

వచ్చేటప్పుడు సామాన్లు పోగు చేస్తూ, చివరి బల్ల పిల్లకి సంచి అడుగున దొరికిన పిన్నీసు ఇచ్చి, నాది నేను అడిగి తీసుకున్నాను. పైట భుజానికి ఎక్కించి పెట్టుకున్నాను.

బస్సులో చల్లపల్లి దాకా మా ఆయన ఫోను చూసుకున్నారు. తర్వాత గొంతు సవరించుకుని, “మొత్తానికి మన మోటారు తిరిగింది” అన్నారు. మన అన్న మాటని నేను చెయ్యి వేసి తియ్యలేదు, పొయ్యి మీది గిన్నెలా చల్లారనిచ్చాను. “నాగదుర్గ గారు మొవ్వ స్కూలువాళ్ళకి చెప్పారట. వచ్చే నెల అక్కడా చెయ్యమంటున్నారు. సామాన్లు అవేగా, నువ్వు...”

ఆయన జేబులోంచి పెన్ను తీసుకున్నాను. గోంగూర మరకలున్న ఆ పాత చీటీ తిరగేసి, వెనకవైపు తెలుగులో మొదటినుంచీ రాశాను. రాగితీగ, బ్యాటరీలు, పిన్నీసులు, టేపు, ఉప్పుకాగితం, గ్లవ్స్, మాస్కులు, కాలితే పూసే మందు, గోళ్ళరంగు, గాగుల్స్ ముప్పై ఒకటి. మడిచి ఆయన చేతిలో పెట్టాను.

“మొవ్వలో చెప్పేది నేను. ఇవి సర్దేది మీరు.”

ఆయన చీటీ వంకా నా వంకా చూశారు. కోపమో, భయమో, లెక్క తెలియని పిల్లాడి చూపో. చీటీ మీద వేలు పెట్టి, “పిన్నీసులు ఎక్కడుంటాయో నాకేం తెలుసు దయా?” అన్నారు.

కిటికీ పక్క సీటు ఇమ్మని ఆయన్ని కాస్త జరిపి కూర్చున్నాను. చేలమీద గాలి పైటని లాగి చూసి, కదలకపోయేసరికి వదిలేసింది.

“కొట్లో ఉంటాయండీ” అన్నాను.